మేస్త్రి వండిన కూర

మాంసం ముక్కల్ని పాత తువ్వాలు మీద పరిచి ఒక్కొక్కదాన్నీ అద్దుతున్నాడు మేస్త్రి. వర్క్‌షాపులో లేత్ మీద నుంచి దించిన ఇరుసును కూడా అంతే శ్రద్ధగా తుడుస్తాడు. నూలు పోగంత తేడా వచ్చినా చేసిన పని పక్కన పడేస్తాడని అక్కడ అతన్ని నూలు మేస్త్రి అంటారు. ఇంట్లో మాత్రం ఆ చేతులు ఇప్పటిదాకా టీ గ్లాసూ పేపరూ తప్ప మరొకటి పట్టలేదు.

"ఇంతలా ఆరాలా?" అని అడిగాడు.

"ఆరాలి. తడి ముక్క నూనెలో వేగదు, ఉడుకుతుంది," అంది భార్య.

ఆమె వంటింటి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు. కర్టెన్లు కుట్టే షాపులో, అప్పుడే తడిగుడ్డ పెట్టిన మెట్ల మీద గుడ్డల మూటతో సహా జారిపడింది. మూటకేం కాలేదు, మణికట్టు విరిగింది. అప్పట్నుంచీ రొట్టె, గుడ్లు, వీధి చివర నుంచి తెచ్చిన పొట్లాలతో ఇల్లు నడుస్తోంది. ఆదివారం పొద్దున్నే మేస్త్రి సంచీ తీసుకుని, "ఇవాళ పెద్ద గిన్నె పెడతాను. నువ్వు చెప్తూ ఉండు, నేను చేస్తూ ఉంటా," అని బయల్దేరాడు.

ఆ ఇంట్లో ఆదివారం అంటే పెద్ద గిన్నె. మాంసం, బంగాళాదుంపలు, కేరట్లు, ముల్లంగి, కేబేజీ అన్నీ ఒక్క గిన్నెలో చేరి మధ్యాహ్నానికి గరిటె కదపడానికి బరువయ్యేంత చిక్కగా తయారయ్యే కూర. రొట్టె ముంచుకుని తింటే రాత్రి దాకా ఆకలి మాట ఉండదు.

అతను బజారు నుంచి తెచ్చిన పొట్లం విప్పినప్పుడే ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. మంచి పిక్కమాంసం, ఒక్క కొవ్వు ముక్క లేదు. విడిగా కాగితంలో చుట్టి మూలుగ ఎముకలు.

"ఎముకలు అడిగారా?"

"నేనేం అడగలేదు. అతనే వేశాడు. అమ్మగారి చెయ్యి ఎలా ఉందండీ అని అడిగాడు. మీరే వచ్చారు కదా, మంచివి కొడతానన్నాడు. మర్యాదస్తుడు."

మాంసం కొట్టువాడి మర్యాద ఆమెకు తెలియనిది కాదు. ప్రతి ఆదివారం వరసలో నిలబడి, కొవ్వు వెయ్యకయ్యా అని రెండుసార్లు చెప్పి, ఇంటికి వచ్చి విప్పితే అడుగున కొవ్వే ఉండేది. మూలుగ ఎముకలు ఎప్పుడు అడిగినా 'ఇప్పుడే అయిపోయాయమ్మా' అనేవాడు.

"ఊఁ, మర్యాదస్తుడే," అంది.

ముక్కలు ఒకదాన్నొకటి తాకకుండా వెయ్యమంది. వేసిన వెంటనే కదపొద్దంది. మేస్త్రి కదపలేదు. లోహం రంగు మారేదాకా కొలిమి దగ్గర ఓపిగ్గా నిలబడే మనిషి, మాంసం రంగు మారేదాకా నిలబడలేడా. ఒకవైపు గోధుమరంగు తిరిగాక తిప్పాడు. వాయి తరవాత వాయి తీసి పళ్ళెంలో పెట్టాడు. అదే గిన్నెలో ఉల్లిపాయలు వేశాడు. గిన్నె అడుగున నల్లగా పట్టింది చూసి కంగారుపడ్డాడు.

"మాడింది. కడిగేసి మళ్ళీ పెట్టనా?"

"అయ్యో, కడగకండి. వేణ్ణీళ్ళు పోసి చెక్క గరిటెతో గోకండి. అడుగున పట్టిందే అసలు కూర. మా అమ్మ అనేది."

అతను గోకాడు. నీళ్ళు ఎర్రగా మారాయి, వంటిల్లంతా వాసన నిండింది. పక్క గదిలో చదువుకుంటున్న కూతురు పుస్తకం మూసి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏంటి నాన్నా ఈ వాసన," అంది, ఆ వాసన ఆ ఇంట్లో పుట్టడం అదే మొదలన్నట్టు.

కేరట్లు కోసేటప్పుడు ప్రతి ముక్కా బొటనవేలి గోరంత వెడల్పు, నూలు తేడా లేదు. కత్తిని కోతకోసారి తుడిచాడు. ముల్లంగి, కేరట్లు మాంసం సగం ఉడికాక వెయ్యాలని, దుంపలు చివర్లో అని, కేబేజీ దించే ముందు అని ఆమె వరసగా చెప్పింది. అన్నీ అలాగే చేశాడు. నురగ తియ్యమంటే తీశాడు, మంట తగ్గించమంటే తగ్గించాడు. నోటితో వండటం చేత్తో వండటం కన్నా కష్టమని ఆమెకు తెలిసింది. మెడ నొప్పి పుట్టింది.

మధ్యాహ్నానికి ఆడపడుచు వచ్చింది. మేస్త్రికి అక్క, పక్క వీధిలోనే ఉంటుంది. మరదలి చెయ్యి చూడటానికి వచ్చి, చెయ్యి చూసేలోపు వాసన పట్టి నేరుగా బల్ల దగ్గర కూర్చుంది. మొదటి ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఒరేయ్, నీ చేతిలో ఇంత విద్య పెట్టుకుని ఇన్నాళ్ళూ ఇనుము కోస్తున్నావేంట్రా."

మేస్త్రి సిగ్గుగా నవ్వాడు. "ఏదో చేశాను."

"ఏదో ఏంటి, ముక్క వెన్నలా ఉంది. మీ బావ ఉన్నాడు, ఇన్నేళ్ళలో గుడ్డు ఉడకబెట్టడం రాదు. అదృష్టం ఉండాలి అమ్మాయ్," అని మరదలి వైపు తిరిగింది. "ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు చెప్పు."

"నాన్నే ఎప్పుడూ చెయ్యాలి," అంది కూతురు నోటినిండా పెట్టుకుని.

ఎడమచేత్తో రొట్టె తుంచుకోవడానికి ఆమె తంటాలు పడుతోంది. ముక్క జారి కూరలో పడింది. మేస్త్రి ఇప్పుడంటాడు, ఇది నాది కాదు, ఆవిడ చెప్పింది చేశానని ఇప్పుడంటాడు అని చూసింది. అతను అక్కకు మరో గరిటె వడ్డించి, "ఇంకొంచెం వేసుకో. మూలుగ ఎముక నీకోసమే ఉంచాను," అన్నాడు.

అదే కూర, అదే గిన్నె, అదే ఆడపడుచు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మనిషికి ఎన్ని ఆదివారాలు వడ్డించిందో లెక్కలేదు. ఒక్కనాడు ఆ కళ్ళు మూతపడలేదు. తెరిచే తినేది, అవతలివాళ్ళ పళ్ళెంలో ఎన్ని ముక్కలు పడ్డాయో చూసుకుంటూ.

ఆమె పళ్ళెం పక్కకు జరిపింది. చెయ్యి నొప్పి అని చెప్పి లేచింది.

*

మర్నాడు మేస్త్రి డబ్బాలో ఆ కూరే పెట్టుకుని వర్క్‌షాపుకు వెళ్ళాడు. సాయంత్రానికి డబ్బా తుడిచినట్టు తిరిగొచ్చింది. వెల్డరు మూత కూడా నాకాడని చెబుతూ అతను చొక్కా విప్పాడు. మనిషి రెండంగుళాలు పొడుగైనట్టు ఉన్నాడు.

పైవాటాలో ఉండే నర్సు మెట్లు దిగుతూ ఆగింది. "విన్నాను. సారే వండి పెడుతున్నారటగా. మీ పని బాగుందండీ, మా ఆయనైతే నేను చచ్చిపోతే కూడా హోటల్ నుంచే తెప్పిస్తాడు."

"అవునండీ," అంది ఆమె. ఇంకేమనగలదు. మొగుడు వంట చేస్తే ఏడ్చే ఆడదాన్ని లోకం ఎక్కడైనా చూసిందా. ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. కూతురితో చెప్పబోయి మానుకుంది. అతను గిన్నెలన్నీ సింకులో పడేసి వెళితే వాటిని తోమింది ఆ పిల్లే. నూనె చిందిన గోడను ఎడమచేత్తో తుడిచింది తను. ఆ సంగతి మాత్రం పైవాటాకూ వినబడలేదు, వర్క్‌షాపుకూ వినబడలేదు.

బుధవారం సాయంత్రం ఆమె మంచం మీద కూర్చుని ఒంటిచేత్తో బట్టలు మడతపెడుతోంది. ముందు గదిలో మేస్త్రి ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల వెల్డరు భార్య. కూర ఎలా చెయ్యాలో అడుగుతున్నట్టుంది.

"మాంసం బాగా తడి ఆరాలమ్మా. అదే ముఖ్యం. తడి ముక్క వేగదు, ఉడుకుతుంది... ఆఁ, అడుగున పడుతుంది. భయపడకూడదు. వేణ్ణీళ్ళు పోసి గోకెయ్యాలి. అడుగున పట్టిందే అసలు కూర." ఆగి నవ్వాడు. "ఎవరు నేర్పుతారమ్మా, చేస్తుంటే అలా తెలుస్తుంది."

ఆమె చేతిలో దుప్పటి ఆగిపోయింది. మాటకు మాట, విరామంతో సహా అమ్మ గొంతు అది. అమ్మ దగ్గర నుంచి తను తెచ్చుకున్నది బంగారం కాదు, ఆ ఒక్క మాట. సొమ్మొకరిది, సోకొకరిది. దుప్పటిని మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. అంచులు కలవలేదు. అలాగే అలమర్లో కుక్కింది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మేస్త్రి, "ఈ ఆదివారం వెల్డరునీ ఫిట్టరునీ పిలిచాను. అక్క ఎలాగూ వస్తుంది," అన్నాడు. "నువ్వేం కష్టపడకు. నాకు వచ్చేసింది."

"సరే," అంది.

*

రెండో ఆదివారం ఆమె స్టూలు మీద కాకుండా కుర్చీ వేయించుకుని కూర్చుంది. కూతురు వెనక నిలబడి తల దువ్వుతోంది. మేస్త్రి అడిగింది లేదు, ఆమె చెప్పింది లేదు. ముక్కలు ఆరాయి, వేగాయి, ఉల్లిపాయలు పడ్డాయి, అడుగు గోకడం అయింది. ఏదీ తప్పలేదు. ఎక్కడైనా తప్పుతుందేమోనని తాను కాచుక్కూర్చున్నట్టు ఆమెకే అనిపించి మొహం తిప్పుకుంది.

మళ్ళీ చూసేసరికి మేస్త్రి పెద్ద పళ్ళెం ఎత్తాడు. అందులో కేరట్లు, ముల్లంగి, దుంపలు అన్నీ ఒకే కొలతలో కోసి కలిపి ఉన్నాయి. మాంసం ఇంకా సగం కూడా ఉడకలేదు.

ఆమె నోరు తెరిచింది. కూతురి దువ్వెన కూడా ఆగింది.

"అమ్మా, దుంపలు అప్పుడే వెయ్యొచ్చా?" అని మెల్లిగా అడిగింది పిల్ల.

"నాన్నకి తెలుసులే," అంది ఆమె. "నువ్వు జడ వెయ్యి."

దుంపలు గిన్నెలో పడ్డాయి. మూత పడింది. ఆమె గుండె దొంగతనం చేసినదానిలా కొట్టుకుంది. ఆ కొట్టుకోవడంలో ఒక తీపి కూడా ఉంది. అది తెలిసి ఇంకా భయం వేసింది.

అతిథులు వచ్చి కూర్చున్నాక మేస్త్రి మూత తీసి నిలబడిపోయాడు. దుంపలు లేవు. గరిటె పెట్టి వెతికాడు. ఒక్క ముక్క దొరకలేదు, అంతా కరిగి గుజ్జైపోయింది. అతని మెడ ఎర్రబడటం ఆమె వెనక నుంచి చూసింది. గిన్నె అలాగే తెచ్చి బల్ల మీద పెట్టాడు, కళ్ళెత్తకుండా వడ్డించాడు.

వెల్డరు రొట్టె ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. "మేస్త్రీ," అన్నాడు, "ఇంత చిక్కదనం ఎలా వచ్చింది? పిండి కలిపావా?"

"లేదు. దుంపలు," అన్నాడు మేస్త్రి.

"కరిగించేశావా? చూశారా, ఆ బుర్ర చూశారా," అన్నాడు వెల్డరు ఫిట్టరుతో. "మనమైతే ముక్కలుగా వేసి ఊరుకుంటాం."

"పోయినసారి కన్నా ఇదే బాగుందిరా," అంది అక్క.

మేస్త్రి తల మెల్లిగా పైకి లేచింది. "అదే కిటుకు," అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కూర పాడైపోయి కూడా గెలిచింది. అతను గులకరాళ్ళు ఉడకబెట్టినా వీళ్ళు ఇలాగే అంటారు. పొగడ్త గిన్నెలో ఉన్నదానికి కాదు, గరిటె పట్టినవాడికి. ఇన్నాళ్ళూ ఉప్పూ మిరియాలూ సరిచూసుకుంటూ తను ఎక్కడ వెతికింది దాన్ని.

"ఇంక మీరు రెస్టు తీసుకోవచ్చు వదినగారూ," అన్నాడు వెల్డరు, మర్యాదకు.

"తీసుకుంటాను," అంది ఆమె. అందరూ వినేంత గట్టిగా అంది. "ఆదివారాలు ఇక ఆయనవే. చెయ్యి బాగుపడ్డాక కూడా. ఇంత బాగా చేసేవాళ్ళుండగా నేను గరిటె పట్టుకోవడం అన్యాయం కదా."

బల్ల చుట్టూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి కాదనడానికి దారి లేకపోయింది.

సోమవారం పొద్దున ఆమె జాకెట్టు చేతిని కట్టు మీదుగా ఎక్కించుకోలేక అవస్థ పడుతుంటే మేస్త్రి వచ్చి సాయం పట్టాడు. హుక్కులు పెడుతూ, ఆమె మొహం చూడకుండా అన్నాడు.

"నిన్న దుంపలు వేసేటప్పుడు నువ్వు చూస్తూనే ఉన్నావు."

ఆమె బుకాయించలేదు. "చూశాను."

"చెప్పలేదే."

"మీరు చెప్పారా, ఎవరు నేర్పారో?"

చివరి హుక్కు దగ్గర అతని వేళ్ళు ఆగాయి. హుక్కు పెట్టి, డబ్బా తీసుకుని పనికి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఇద్దరూ ఇంటి సంగతులు తప్ప మరేవీ మాట్లాడుకోలేదు.

*

కట్టు విప్పారు. లోపల చెయ్యి పాలిపోయి, పొట్టు తీసిన దుంపలా ఉంది. డాక్టరు రబ్బరు బంతి నొక్కుతూ ఉండమన్నాడు. ఆమె షాపులో సగం పూట కూర్చోవడం మొదలుపెట్టింది. మిగతా రోజుల వంట మళ్ళీ ఆమె చేతికి వచ్చింది. ఆదివారం మాత్రం అడగలేదు. మేస్త్రీ అడగలేదు. మాట పడ్డాక వెనక్కి తీసుకునే మనిషి కాదు, పొద్దున్నే సంచీ పట్టుకుని వెళ్ళేవాడు.

ఒక ఆదివారం వచ్చినవాళ్ళు మళ్ళీ పొగిడారు. తరవాతి ఆదివారం ఒక మాట అని ఊరుకున్నారు. మూలుగ ఎముకలు లేకుండా పొట్లం ఇంటికొచ్చింది. "అయిపోయాయట," అన్నాడు మేస్త్రి. కొవ్వు తీసి పక్కన పెడుతూ ఆ పొట్లం వైపు చాలాసేపు చూశాడు.

ఆ తరవాత వచ్చిన ఆదివారం పొద్దుట్నుంచీ ముసురు. వెల్డరు తడిసి వచ్చాడు. అక్క గొడుగు గుమ్మంలో ఆరేసి కూర్చుంది. కూతురు ఫోను చూసుకుంటూ ఒంటిచేత్తో తింటోంది. మేస్త్రి అందరికీ వడ్డించి, రొట్టెలు సర్ది, వంటింటి గుమ్మానికి చేరబడి నిలబడ్డాడు. చేతిలో గరిటె అలాగే ఉంది.

వెల్డరు కొత్త మేనేజరు గురించి చెబుతున్నాడు. అక్క తన మోకాళ్ళ గురించి చెబుతోంది. రొట్టెలు తరుగుతున్నాయి, గిన్నె ఖాళీ అవుతోంది. ఆమె తింటూ తలెత్తేసరికి మేస్త్రి కళ్ళు కనిపించాయి. అవి ఒక పళ్ళెం మీద నుంచి ఇంకో పళ్ళెం మీదికి వెళుతున్నాయి. ఎవరైనా రెండో ముద్దకు ఆగితే అక్కడ ఆగుతున్నాయి. వెల్డరు నోరు తెరిస్తే మేస్త్రి గడ్డం కొంచెం పైకి లేస్తోంది, అతను మేనేజరు మాటే మళ్ళీ ఎత్తుకుంటే దిగుతోంది.

అతను ఎందుకలా నిలబడ్డాడో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎలా ఉంది?" అని అడిగేశాడు చివరికి.

"ఏంటి?" అంది అక్క.

"కూర."

"కూరకేం? బాగోకపోతే చెప్పమూ?" అంది అక్క. "ఉప్పు డబ్బా ఇలా ఇవ్వు. మోకాలికి ఆ డాక్టరు నూనె రాయమన్నాడా, రాస్తే మంచమంతా జిడ్డు..."

"ఇంకో రొట్టె ఉందా మేస్త్రీ?" అన్నాడు వెల్డరు.

మేస్త్రి ఉప్పు ఇచ్చాడు. రొట్టె తెచ్చాడు. మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. చొక్కా ముందు భాగం తడిసి ఉంది, చూపుడు వేలి మీద కొత్తగా కాలిన మచ్చ. ఈ రోజు కోసమే ఆమె ఎదురుచూసింది. ఇది వచ్చినప్పుడు కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు.

మేస్త్రి ఇప్పుడు ఎవరి వంకా చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది, ఈసారి రుచి చూడటానికి. కేరట్టు ముక్క లోపలి దాకా మెత్తబడింది, ఎక్కడా చిదిగిపోలేదు. ముల్లంగిలో ఘాటు లేదు. తన కూరలో ఎప్పుడూ ఒకటో రెండో ముక్కలు గట్టిగా తగిలేవి, ఇంటికి తెచ్చుకున్న షాపు కుట్టు పని మధ్యలో లేచి వచ్చి తొందరగా కోసేది కాబట్టి. అతని ముక్కలన్నీ ఒక్క కొలత, అన్నీ ఒక్కసారే ఉడికాయి. దుంపలు విరగకుండా నోట్లో విచ్చుకుంటున్నాయి. తను చేసేదానికన్నా ఇది బాగుంది. సందేహం లేదు, బాగుంది.

చిన్న మాట. దానికి ఖర్చేమీ లేదు. ఇంత చిన్న మాట అనడానికి వీళ్ళకు నోరు రాలేదేమని ఇన్నేళ్ళూ లోపల్లోపల సణుక్కుంది. ఇప్పుడది తన గొంతులోనే ఉంది, పైకి రావడం లేదు. ఆ మాట అనేస్తే ఈ ఇంట్లో తనదంటూ ఉన్న ఆ ఒక్క కూరా చెయ్యి జారిపోతుందేమోనని భయం. నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"బాగుంది," అంది.

వర్షం చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మేస్త్రికి వినబడింది. అతను గుమ్మం నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేను చేసేదానికన్నా బాగా కుదిరింది," అని మళ్ళీ అంది, ఈసారి బల్ల అంతటికీ వినబడేలా. అక్క మోకాళ్ళ మాట ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మేస్త్రి నవ్వలేదు. వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు, గరిటె ఒళ్ళో పెట్టుకుని.

"నిజంగానా?"

"నిజంగానే. ఆ ఒక్క మాట అనడానికి నాకెంత కష్టమైందో మీకు తెలీదు."

అతను తన ఖాళీ పళ్ళెం దగ్గరకు లాక్కున్నాడు.

"తెలుసు," అన్నాడు. "ఇన్నేళ్ళూ నేననలేకపోయాను కదా."

ఆమె అతని ఒళ్ళో నుంచి గరిటె తీసుకుంది. మణికట్టు ఇంకా కలుక్కుమంటోంది. రెండు చేతులతో పట్టుకుని, గిన్నె అడుగు దాకా ముంచి, అతనికి వడ్డించింది.